తెరవగానే తెలుగు

2023 జూన్ 4, ఆదివారం, పోదనూరు

పాత కోబో గ్లో ఈ-రీడర్ పెద్దమ్మ చేతికిచ్చాను. 2012 నాటిది, ఆరంగుళాల తెర, కళ్లకు హాయి. తెరవగానే పుస్తకాల అంగడి, మెనూలు, అన్నీ ఇంగ్లీషులోనే. "ఇవన్నీ నాకు దేనికి నాయనా? తెరిస్తే భాగవతం రావాల" అంది. న్యాయమైన మాట. మా ఇంట్లో తెలుగే మాట్లాడతాం, బడి చదువు మాత్రం తమిళం. నాచేత తెలుగు అక్షరాలు దిద్దించింది పెద్దమ్మే. ఆమె అడిగింది చేసిపెట్టాలి.

జూన్ 6

లోపల నడిచేది లినక్స్. పవర్ నొక్కితే ఆర్‌సీఎస్ అనే స్క్రిప్టు ఒక్కో పనీ మొదలుపెడుతుంది, చివర్లో నికెల్ అనే కోబో సాఫ్ట్‌వేర్‌ను లేపుతుంది. అక్కడ నికెల్‌కు బదులు కోరీడర్ అనే పుస్తకాలు చదివే సాఫ్ట్‌వేర్‌ను లేపాలి. అది ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, చివరిసారి చదివిన పుస్తకంతోనే మొదలయ్యే ఏర్పాటూ ఉంది.

లోపలికి దారి కూడా తెరిచే ఉంది. కనబడకుండా ఉండే 'డాట్ కోబో' ఫోల్డర్లో కోబోరూట్ అనే టీజీజెడ్ ఫైలు పెట్టి కేబుల్ తీస్తే, పరికరం దాన్ని విప్పి అందులోని ఫైళ్లను సిస్టంలో వాటి వాటి చోట్ల పెట్టేస్తుంది. ఏ ఫైలని అడగదు. తప్పు ఫైలు పడితే ఇక లేవదు.

జూన్ 11, ఆదివారం

ముందుగా వెనక మూత తీశాను. గ్లోలో సిస్టమంతా ఒక మైక్రో ఎస్‌డీ కార్డులోనే ఉంటుంది. దాన్ని యథాతథంగా కంప్యూటర్లోకి కాపీ చేసుకున్నాను. ఇక ఏం చెడినా కార్డు మళ్లీ రాసుకోవచ్చు.

మామయ్య ఇక్కడి రైల్వే సిగ్నల్ వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు. సిగ్నల్ చెడితే ఎర్రదీపం వైపే చెడాలని చిన్నప్పటి నుంచీ ఆయన నోట వింటున్నాను. నా స్క్రిప్టూ అలాగే రాశాను: కోరీడర్ లేవకపోయినా, మధ్యలో ఆగిపోయినా నికెల్ వచ్చేస్తుంది. ఈ పనిలో ఇదే ముఖ్యం. పెద్దమ్మ ముందు తెర బిగుసుకుపోకూడదు.

జూన్ 18, ఆదివారం

మండలి ఫాంటు ఎక్కించాను. తెలుగుకు ఫాంటు ఒక్కటే చాలదు. వత్తులూ గుణింతాలూ వాటి చోట కుదరాలంటే అక్షరాలను కూర్చే సాఫ్ట్‌వేర్ కావాలి, లేకపోతే 'స్త్రీ' ముక్కలైపోతుంది. కోరీడర్లో ఆ పని హార్ఫ్‌బజ్ చేస్తుంది. తెలుగు వికీసోర్స్ నుంచి పోతన భాగవతం ఈపబ్‌గా దించుకుని, అక్షరాలు బాగా పెద్దవి చేశాను.

సాయంత్రం పెద్దమ్మ తానే పవర్ నొక్కింది. నేరుగా భాగవతమే వచ్చింది. గజేంద్రమోక్షం ఎక్కడుందో వెతికిపెట్టమంది.

ఫర్మ్‌వేర్ అప్‌డేట్ పడితే ఆర్‌సీఎస్ మళ్లీ మొదటికొస్తుంది. అందుకే వైఫై ఆపేశాను. కొత్త పుస్తకాలు కేబుల్‌తోనే ఎక్కిస్తాను.