వాయిదాల జబ్బు

పిల్లవాడికి వాంతులు మొదలైతే మన ఇళ్ళల్లో మొదటి ముద్దాయి తిండే. నిన్నటి పెరుగో, పండగ అరిసెలో. అవీ కాకపోతే దిష్టి. మా బరంపురంలో ఒడియావాళ్ళు దీన్ని ఝాడాబాంతి అంటారు. ఇంట్లో తెలుగు మాట్లాడే మేమూ ఆ మాటే వాడేస్తాం.

కిందటి సంక్రాంతి వెళ్ళాక, ఒక శనివారం రాత్రి మా తమ్ముడి కొడుక్కి పట్టుకుంది. నాలుగేళ్ళవాడు. ఆదివారం రాత్రికి మరదలు, సోమవారం అమ్మ, బుధవారం మా ఆవిడ. తప్పంతా పెరుగుదేనంది అమ్మ. ముప్పై ఏళ్ళుగా లెడ్జర్లు చూస్తున్న నాకు ఆ తేదీలు కుదరలేదు. పెరుగు చెడితే తిన్నవాళ్ళంతా ఇంచుమించు ఒక్కసారే పడాలి. మావాళ్ళు వాయిదాల మీద పడ్డారు. పైగా పిల్లాడి పక్కబట్టలు ఎవరెవరు ఎత్తారో వాళ్ళే, ఎత్తిన వరసలోనే. మగవాళ్ళం నలుగురం క్షేమం!

నోరోవైరస్ లాంటిది అయివుంటుందన్నారు డాక్టరుగారు. సోకిన 12 గంటల నుంచి 2 రోజుల్లో బయటపడుతుందట. "టీకా వేయించాం కదండీ" అంది మరదలు. నిజమే. 2016లో రోటావైరస్ టీకా మొదలుపెట్టిన 4 రాష్ట్రాల్లో అటు ఆంధ్రప్రదేశ్, ఇటు మా ఒడిశా రెండూ ఉన్నాయి. అయితే అది రోటాకే. నోరోది వేరే ఖాతా.

దీనికి బహు కొద్ది కణాలు చాలు. వాంతి తుడిచిన చేతికి అంటుకుని పాలగ్లాసు మీదికి చేరుతుంది. కోవిడ్ నాటి శానిటైజరుకి అంతగా లొంగదు. సబ్బుతో రుద్ది, ధారగా నీళ్ళు పోసి కడుక్కోవాలి. పిల్లాడు మంగళవారానికే గెంతుతున్నాడు గాని, ఆ వైరస్ 2 వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ రోజులు మలంలో పోతూనే ఉంటుంది. వాడు సగం కొరికి వదిలిన ఇడ్లీ పారెయ్యబుద్ధికాక నోట్లో వేసుకునేది తల్లి, కాకపోతే నాయనమ్మ. మనకి పిల్లల ఎంగిలి ఎంగిలి కాదు మరి.

అమ్మకి 79. మంగళవారం నాలుక పిడచగట్టి, లేచి నిలబడలేకపోయింది. పిల్లాడి కోసం తెచ్చిన ఓఆర్ఎస్ పొట్లాలు ఆవిడకే ఎక్కువ ఖర్చయ్యాయి. లీటరు నీళ్ళలో పొట్లం కలిపి, రాత్రంతా చెంచాతో పట్టాం. తెల్లవారుజామున మూత్రానికి లేచింది. అప్పటికిగాని తమ్ముడు కుర్చీలోంచి కదలలేదు.

జబ్బు పడ్డవాళ్ళు, తగ్గాక కూడా 2 రోజులు వంట చెయ్యకూడదన్నారు డాక్టరుగారు. ముగ్గురు ఆడవాళ్ళూ వంటింటికి దూరం. ఉప్పెంతో మంచం మీంచే అమ్మ చెబుతుంటే తమ్ముడు పప్పు వండాడు, నేను అన్నం వార్చాను. పిల్లాడి తువ్వాలు, గ్లాసు వేరుపెట్టాం. గ్లాసు కలిసిపోకుండా మరదలు దాని అడుగున గోళ్ళరంగుతో చుక్క పెట్టింది.