అత్తయ్యగారి అత్తరు

అత్తరు అనగానే మీకేం గుర్తొస్తుందండీ? పెళ్ళిళ్ళలో పన్నీరు చల్లి చేతికి రాసే గులాబీ వాసనేగా! నాకు మాత్రం లవంగాలు, యాలకులు, జాజికాయ, గంధపు చెక్క ఒకే డబ్బాలో పోసి మూత తీసినట్లుండే వాసన గుర్తొస్తుంది. దాని పేరు షమామా. చలికాలపు అత్తరు.

నేను కాపురానికొచ్చిన కొత్తల్లో అది మా మామయ్యగారి వాసన అనుకునేదాన్ని. చలి మొదలవగానే ఆయన చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టీకి వెళ్ళి చిన్న సీసా తెచ్చుకునేవారు. కాస్త దూదికి అంటించి చెవి మడతలో పెట్టుకుంటే సాయంత్రం దాకా ఇల్లంతా వెచ్చగా ఉన్నట్టుండేది.

ఇక మా అత్తయ్యగారి సంగతి. చెప్పొద్దూ, ఆవిడ నోరు కాస్త కారమే. పప్పులో ఉప్పెక్కువైతే వీధి చివరిదాకా వినపడాల్సిందే. కానీ బాలింతగా ఉన్నప్పుడు నాకు జ్వరమొస్తే మూడు రాత్రులు కన్ను మూయకుండా కూర్చున్నది కూడా ఆవిడే.

2019లో మామయ్యగారు పోయారు. ఆ తర్వాత అత్తయ్యగారు పూలు మానేశారు, పౌడరు మానేశారు. ఎవరూ మానమనలేదు. "ఇంకెవరి కోసమే!" అనేవారు. మెల్లగా మాటలూ తగ్గించేశారు. ఆవిడ తిట్టకపోతే ఇల్లు బోసిపోతుందని నాకప్పుడే తెలిసింది.

ఒక మధ్యాహ్నం బట్టలు సర్దుదామని గదిలోకి వెళ్ళాను. బీరువా ముందు నిలబడి, మామయ్యగారి సీసా మూత తీసి వాసన చూస్తున్నారు. నన్ను చూసి గబుక్కున కొంగులో దాచేశారు.

"ఏం లేదే, మూత బిగుసుకుందేమోనని..."

నేను మాట్లాడలేదు. ఆవిడే మంచం మీద కూర్చుని అన్నారు, "ఆయనా నేనూ ఒకే సీసా వాడేవాళ్ళం అమ్మాయ్. తను పెట్టుకున్నాక నా శాలువా అంచుకీ రాసేవారు. ఎవరికీ తెలీదులే." సీసాలో అడుగున ఒక్క బొట్టుంది.

ఇన్నేళ్ళూ నేను మామయ్యగారిదనుకున్న వాసన ఇద్దరిదీనన్నమాట!

మర్నాడే మా అమ్మాయిని వెంటబెట్టుకుని పత్తర్‌గట్టీకి వెళ్ళాను. "ఇది మగవాళ్ళదా, ఆడవాళ్ళదా?" అని అడిగితే కొట్టు పెద్దాయన నవ్వాడు. "చలికి మగా ఆడా ఏముందమ్మా?" అన్నాడు.

ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో దీన్ని ఎలా చేస్తారో ఆయనే చెప్పాడు. డేగ్ అనే పెద్ద రాగి పాత్రలో నీళ్ళూ దినుసులూ వేసి, మూత మట్టితో బిగించి, కట్టెల పొయ్యి మీద కాస్తారట. ఆవిరి వెదురు గొట్టం గుండా భప్కా అనే మరో రాగి పాత్రలోకి దిగుతుంది. అందులో ముందే పోసి ఉంచిన గంధం నూనె ఆ వాసనంతా తాగేస్తుంది. షమామాకైతే దినుసులు మార్చి మార్చి రోజుల తరబడి కాస్తారట. గంధం నూనె ఖరీదు కాబట్టి అసలైనది ప్రియం. చవగ్గా దొరికేవాటిలో చాలావరకు వేరే నూనెలే ఉంటాయి.

అత్తరంటే మనది కాదనుకోకండి. కొండవీటి కుమారగిరి రెడ్డి వసంతోత్సవాలకి సుగంధద్రవ్యాలు తెప్పించిన అవచి తిప్పయ్య సెట్టికే శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చాడని ఇంటర్లో మా తెలుగు మేడమ్ చెప్పారు.

పెద్దాయన నా చేతి వెనక ఒక చుక్క రాశాడు. ముక్కు అదిరింది! "తొందరపడకమ్మా, గంటాగి చూడు" అన్నాడు. బస్సులో మళ్ళీ చూసుకుంటే ఘాటంతా పోయి కమ్మటి గంధం మిగిలింది. మా అత్తయ్యగారే పక్కన కూర్చున్నట్టనిపించింది. ముందు కారం, ఓపిక పడితే చల్లని మనసు.

పావు తులం సీసా, అంటే సుమారు 3 మిల్లీలీటర్లు, ఆవిడ చేతిలో పెట్టాను.

"నలుగురూ ఏమనుకుంటారే?"

"చలికి శాలువా కప్పుకుంటే ఎవరేమనుకున్నారు అత్తయ్యా? ఇదీ అంతే."

ఆవిడ పలకలేదు. మా అమ్మాయే "నానమ్మా, చెయ్యి ఇలా ఇవ్వు" అంటూ మణికట్టుకి రాసేసింది. చాలాసేపు ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

సంక్రాంతికి వచ్చిన బంధువుల్లో ఒకావిడ ముక్కు ఎగబీల్చి, "ఈ వయసులో అత్తరేమిటి వదినా?" అంది. నేను నోరు తెరిచేలోపే అత్తయ్యగారు అందుకున్నారు. "ఇది మా ఇంటి వాసన. నీకేం నొప్పి?" హమ్మయ్య, ఆ కారం తిరిగొచ్చింది!

మీరూ కొనుక్కుంటే రెండు సంగతులు గుర్తుంచుకోండి. ముందు మోచేతి లోపల ఒక చుక్క రాసి, దురద రాకపోతేనే వాడండి. పట్టుచీర మీద నేరుగా రాయకండి, మరక పడుతుంది. దూదికి అంటించి బట్టల మధ్య కాగితంలో చుట్టి పెట్టండి.

అన్నట్టు, మీ ఇంట్లో పెద్దావిడ ఎవరైనా బీరువాలో ఇలాంటి సీసా దాచుకున్నారేమో. ఒకసారి ఆ మూత మీరే తీసి, ఆవిడ చేతికి కాస్త రాసి చూడండి.