ఎనిమిది పేర్ల చీటీ

పాస్టరు ఇంట్లో క్రికెట్ లెక్కల పుస్తకం ఉన్నదంటే మీలో కొందరు నొసలు చిట్లిస్తారని మాకు తెలుసు. ఉన్నది. నల్ల అట్ట వేసిన నోటుబుక్కు, సంఘ రిజిస్టర్ల ప్రక్కనే ఉంటుంది. దానిలో జరిగిన ఒక సంగతి మీతో చెప్పుకోవాలని చాలా దినాలుగా అనుకుంటున్నాము.

2021 క్రిస్మస్‌కు మా తెనాలి సంఘపు కుటుంబంలోని ఒక అబ్బాయి అమెరికానుండి ఇంటికి వచ్చాడు. అక్కడివారికి మన క్రికెట్ వంటిది బేస్‌బాల్. 1980లో న్యూయార్కులో డేనియల్ ఓక్రెంట్ అనే రచయిత, ఆయన స్నేహితులు కలిసి ఒక కాగితపు ఆట మొదలుపెట్టారట. నిజమైన ఆటగాళ్ళను తమలో తాము పంచుకొని, మైదానంలో వారు సాధించిన దానిని తమ జట్టు ఖాతాలో వ్రాసుకోవడమే ఆ ఆట. ఒక పద్ధతిలో ఏడాది ముగిశాక జట్టునంతా రద్దు చేయరు, కొందరిని నిలుపుకోవచ్చు. దానికి కీపర్ లీగ్ అని పేరు. మన పిల్లలకు కీపర్ అంటే వికెట్ల వెనుక వంగి నిలబడేవాడే గనుక మేము దానిని ‘నిలుపుడు ఆట’ అన్నాము.

ఆ పద్ధతిలో ఐపీఎల్‌కు మా యౌవనస్థులు ఎనిమిది జట్లు కట్టుకున్నారు. తెనాలివి మూడు, బాపట్లవి మూడు, రేపల్లెవి రెండు. పరుగుకు ఒక పాయింటు, వికెట్టుకు ఇరవై అయిదు. ఒక్కొక్కరు ముగ్గురిని నిలుపుకోవచ్చు గాని ఎవరినైనా రెండేళ్ళకు మించి కాదు. క్రిందటి ఏడు చివర నిలిచినవాడు ముందుగా ఎంచుకుంటాడు. రూపాయి ప్రసక్తి లేదు. మాకు జట్టు లేదు, పద్దు వ్రాయడమే మా పని.

అసలు సరదా ఎంపికకు ముందు ఉంటుంది. మొదటి రౌండులో ఏ ఎనిమిది మంది పోతారో ముందే చీటీ మీద వ్రాసి ఖాళీ హార్లిక్స్ సీసాలో వేయాలి. జట్టు లేనివారు కూడా వ్రాయవచ్చు. అందరికంటే తక్కువ సరిపోయినవారు అందరికీ జిలేబీ కొనాలి.

2025 మార్చి 15, శనివారం సాయంకాలం మా ఇంటి వసారాలో కూడుకున్నాము. మరి వారం రోజులకు ఐపీఎల్ మొదలు. రేపల్లె రైలులో వచ్చినవారిలో ఒక తమ్ముడు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. అతని సంగతి అక్కడ అందరికీ తెలుసు. 2023లో చెన్నైలో పని చేస్తుండగా ఫోనులో డబ్బు పెట్టి ఆడే జట్ల ఆటకు అలవాటుపడి, అక్క పెళ్ళికని తండ్రి మినుములు అమ్మి దాచిన అరవై వేలు పోగొట్టాడు. అటువంటి ఆటలను తెలంగాణలో 2017లోను, మన రాష్ట్రంలో 2020లోను నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా నిషేధించింది. అతని ఇంటికి మాత్రం అది ఆలస్యమైన చట్టమే. అతనికి మా ఆటలో జట్టు ఇవ్వకూడదని అంతకుముందే పెద్దలు చెప్పగా మేమూ సరేనన్నాము. అది వివేకమో పిరికితనమో ఇప్పటికీ తేల్చుకోలేకున్నాము.

చీటీలు పంచుతుంటే అతడు మెల్లగా చెయ్యి చాపాడు. మా పెద్దలలో ఒకాయన, “మళ్ళీనా?” అన్నాడు. వసారా అంతా నిశ్శబ్దమైపోయింది. మత్తీయను ఎన్నుకొన్నప్పుడు అపొస్తలులు కూడా చీట్లు వేశారు గదా అని ఎవరో నవ్వించబోయారు, ఎవరూ నవ్వలేదు. మేము ఒక చీటీ చింపి అతని చేతిలో పెట్టాము. పెద్దాయన కండువా దులిపి భుజాన వేసుకొని వెళ్ళిపోయాడు.

ఇక మా చీటీ సంగతి. పుస్తకం మా దగ్గరే ఉన్నది గనుక లెక్కలు చూసి వ్రాశాము. 2024లో 741 పరుగులు చేసిన కోహ్లి రెండేళ్ళ గడువు తీరి బయటికి వచ్చాడు, వ్రాశాము. లక్నో వారు వేలంలో 27 కోట్లు పెట్టిన పంత్, 24 వికెట్ల హర్షల్ పటేల్, 527 పరుగుల సాయి సుదర్శన్, ఎప్పటికీ బుమ్రా. ఇలా ఎనిమిది నింపి, జిలేబీ మన నెత్తిన పడదులే అనుకున్నాము.

కోహ్లి, పంత్ మాత్రమే సరిపోయారు. బుమ్రా నడుము నొప్పితో మొదటి మ్యాచులు ఆడడని పిల్లలంతా ఎరిగినదే, ఆ రౌండులో ఎవరూ ముట్టుకోలేదు. హర్షల్‌ను, సుదర్శన్‌ను అడిగిన నాథుడే లేడు. రేపల్లె తమ్ముని చీటీలో ఆరు సరిపోయాయి. వాటిలో ధోని పేరు కూడా ఉన్నది! 2024లో ఆయన చేసినవి 161 పరుగులు. మా ఈడువాడు, నలభై మూడేళ్ళవాడు. మొదటి రౌండులో ఎవరు తీసుకుంటారు? బాపట్ల పిల్లవాడొకడు కళ్ళు మూసుకొని తీసుకున్నాడు.

అందరూ వెళ్ళాక, ఎలా చెప్పగలిగావు బాబూ అని అడిగాము.

“నేను ఆటగాళ్ళను చూడలేదు అయ్యగారూ, మనవాళ్ళను చూశాను. ఆ బాపట్ల తమ్ముడి ఫోను వెనుక ధోని బొమ్మే ఉంటుంది. మా ఊరి అన్న తెలుగువాడిని వదలడు, మెల్‌బోర్న్ సెంచరీ తరువాత నితీశ్ రెడ్డి తప్ప ఆయనకు మాట లేదు. మీ ఊరి కుర్రాడు తానే కీపరు గనుక పంత్. మంచివాళ్ళను చాలామందిని నిలుపుకొనే ఉన్నారు, మిగిలినవాళ్ళలో ఎవరిష్టం వారిది.”

కాసేపు ఆగి మళ్ళీ అన్నాడు. “వ్రాసేటప్పుడు చేతులు వణికాయి. ఆ ఫోనులో లక్షల మందితో ఆడేవాణ్ణి, ఒక్క ముఖం కనబడేది కాదు. నా డబ్బు ఎవరికి పోయిందో నాకిప్పటికీ తెలియదు.”

ఆ రాత్రి మాకు సరిగా నిద్ర పట్టలేదు. వణికిన చేతికి మళ్ళీ చీటీ ఇచ్చినవారము మేమే గదా.

ఆ సీజనులో సాయి సుదర్శన్ 759 పరుగులు చేసి అందరికంటే ముందు నిలిచాడు. ఆటగాళ్ళను ఎంచడంలో మేము మరీ అధ్వాన్నం కాదని ఒక తృప్తి. నితీశ్‌కు రెండు వందలు కూడా దాటలేదు, ఆ రేపల్లె అన్న జట్టు అట్టడుగున పడింది. అయినా మరుసటి ఏటికి అతడినే నిలుపుకుంటానని ఇప్పటికీ పోరుతూనే ఉన్నాడు.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం ఆరాధన తరువాత ఆ తమ్ముని తండ్రి మా దగ్గరకు వచ్చాడు. కొడుకు నెలనెలా కొంత తెచ్చి చేతిలో పెడుతున్నాడని, సగం తీరిందని చెప్పాడు. తరువాత గొంతు తగ్గించి అడిగాడు.

“ఆ చీటీల ఆటలో డబ్బు లేదు గదా అయ్యగారూ?”

“లేదండీ. ఓడినవారు జిలేబీ కొనాలి, అంతే.”

“మావాడు ఓడాడా?”

“లేదు,” అన్నాము. “మేము ఓడాము. రెండు కిలోలు.”