ఓర్చుకోమని చరకుడు చెప్పలేదు

హైదరాబాద్ ఎర్రగడ్డలోని ప్రభుత్వ ఆయుర్వేద ఆస్పత్రికి, అందులోని ప్రసూతి తంత్ర, స్త్రీరోగ విభాగానికి నేను వెళ్లింది మందులు చూడటానికి కాదు, వైద్యులు అడిగే ప్రశ్నలు వినడానికి. నెలసరి ఎన్ని రోజులకోసారి వస్తోంది, ఎన్నాళ్లుంటోంది, నొప్పి ముందే మొదలవుతోందా, స్రావం అయ్యాక తగ్గుతోందా? ఇళ్లలో ‘దూరం’ అనే మాట చుట్టూ పేరుకున్న ఆయుర్వేదం వేరు, ఈ ప్రశ్నల ఆయుర్వేదం వేరు. ఈ ప్రశ్నలకు మూలం చరకసంహిత చికిత్సాస్థానంలో ఉంది. ఋతుస్రావం నెలకోసారి రావాలి, అయిదు రాత్రులు ఉండాలి, ఎక్కువా తక్కువా కాకూడదు, మంటా నొప్పీ ఉండకూడదు. రంగు గురివింద గింజలా, లత్తుకలా, ఆరుద్ర పురుగులా ఉండాలి. నొప్పి లేకపోవడమే ఆరోగ్య లక్షణమైతే, నొప్పి రోగమే కదా! దానికి ఉదావర్తిని అని పేరు పెట్టి ఇరవై యోనివ్యాపత్తుల్లో, అంటే స్త్రీ జననాంగ రోగాల్లో చేర్చారు. స్రావం కాగానే బాధ తగ్గడం దాని గుర్తు. కిందికి పోవలసిన వాయువు పైకి తిరగడమే కారణమన్న మాటను నేటి శరీరశాస్త్రం ఒప్పుకోదు గానీ, రోగాన్ని గుర్తుపట్టిన తీరు నిఖార్సైనది. “ఆడపుట్టుక పుట్టాక తప్పదమ్మా” అనే ఓదార్పు ఆ గ్రంథంలో లేదు.

మరి స్నానం వద్దు, కాటుక వద్దు అన్నవీ శాస్త్రంలోవే కదా అంటారు. నిజమే. సుశ్రుతసంహిత శారీరస్థానంలో రజస్వలకు, అంటే నెలసరిలో ఉన్న స్త్రీకి, మూడు రోజుల నియమాలున్నాయి: గోళ్లు తీసుకోకూడదు, పరుగెత్తకూడదు, ఎక్కువ మాట్లాడకూడదు, దర్భల మీద పడుకోవాలి. ఇదంతా ఆడవాళ్ల విశ్రాంతి కోసమేనని సమర్థించేవాళ్లు అక్కడే రాసి ఉన్న కారణాన్ని దాటేస్తారు. పగలు నిద్రపోతే పుట్టే బిడ్డ నిద్రమొద్దవుతాడట, కాటుక పెట్టుకుంటే గుడ్డివాడవుతాడట. ఆ నియమాల చూపు పుట్టబోయే బిడ్డ మీదే తప్ప ఆమె అలసట మీద లేదు. పగటి కునుకునే కాదన్నది విశ్రాంతి ఎలా అవుతుంది? పైగా వాటికి రుజువు లేదు. స్నానం మానితే శుభ్రత పోతుంది. అలసినవాళ్లకు విశ్రాంతి కావాల్సిందే, కానీ నాట్లేసే కూలీకి ఆ మూడు రోజులు ఎవరిచ్చారు?

అలాగని అంతా పారేయమనను. స్రావం ఆగినప్పుడు నువ్వులు, ఉలవలు, మినుములు మంచివన్నాడు సుశ్రుతుడు. సమర్తాడిన పిల్లకు మనవాళ్లు పెట్టే చిమ్మిలిలోనూ నువ్వులే. 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చిన దేశంలో అలాంటి తిండి దండగ కాదు. మందుల దగ్గర మాత్రం జాగ్రత్త. నెలసరి బాధలకు వాడే అశోకారిష్టానికి కావలసిన అసలు అశోకం వేరు, వీధుల్లో నిటారుగా పెరిగే నరమామిడి వేరు. ఈ నరమామిడి బెరడు కల్తీగా కలుస్తుంటుంది. వైద్యుల ప్రశ్నలకూ ఒక హద్దుంది: గర్భాశయంలో గడ్డలున్నాయో లేదో వాటితో తేలదు, స్కానింగ్ చేయించాలి. నెలనెలా నొప్పితో బడి మానేస్తున్న పిల్ల మీ ఇంట్లో ఉంటే, ఆయుర్వేదమో అల్లోపతీయో, వచ్చే నెల దాకా ఆగకుండా డాక్టరుకు చూపించండి.