తీర్పరి కాగితం

"మాస్టారూ, ఆర్బిట్రేటర్‌ని తెలుగులో ఏమంటారండీ?" అని అడిగాడు, లా చదువుతున్న మా పాత శిష్యుడు.

"మధ్యవర్తి" అన్నాను ఠక్కున.

"మధ్యవర్తి సర్దిచెబుతాడు కదండీ! ఈయన ఏకంగా తీర్పే చెబుతాడు."

ఎం.ఏ. తెలుగు చదివి ఏం లాభం! కాస్త తడుముకుని "తీర్పరి" అన్నాను. ఆ సంతోషంలో వాడు నాకో తీర్పరి కథ చెప్పాడు.

పీటర్ సాండర్స్ అని హాలెండువాడు. 1912లో పుట్టాడు. లాయరు, ఆ పైన రోటర్‌డామ్‌లో ప్రొఫెసరు. వెనుకటి రోజుల్లో ఒక దేశంలో తీర్పరులిచ్చిన తీర్పు మరో దేశంలో అమలు కావాలంటే రెండు గడపలెక్కాలి. ముందు తీర్పు పుట్టిన దేశపు కోర్టు ఔననాలి. తరవాత, ఓడినవాడి ఆస్తి ఉన్న దేశపు కోర్టు ఔననాలి. ఓడినవాడికి ఇంతకంటే ఏం కావాలి చెప్పండి?

1958లో ఐక్యరాజ్యసమితి దీనికోసం న్యూయార్కులో సభ పెట్టింది. సాండర్స్ తన దేశం తరపున వెళ్లాడు. శనాదివారాల్లో మామగారింటి తోటలో కూర్చుని, చిన్న టైపు మిషను మీద కొత్త ముసాయిదా కొట్టాడట. మొదటి గడప తీసెయ్యండి. తీర్పు చెల్లదనేవాడే ఎందుకు చెల్లదో రుజువు చేసుకోవాలి. ఇదీ అందులోని కీలకం. జూన్ 10న ఒప్పందం కుదిరింది. మన దేశం ఆనాడే సంతకం చేసి, 1961లో చట్టం చేసింది. ఇప్పుడు 170కి పైగా దేశాలు అందులో ఉన్నాయి.

ఇది విని నేను కాసేపు మాట్లాడలేదు.

మా నాన్నగారి ట్రంకుపెట్టెలో ఒక కాగితం ఉంది. పొలం గట్టు దగ్గర ఆయనకీ పెదనాన్నకీ తగువొస్తే, ఊళ్లో ఐదుగురు పెద్దలు కూర్చుని రాయించిన తీర్పు. ఇరవై సెంట్లు నాన్నవేనన్నారు. ఐదు సంతకాలున్నాయి, గట్టు మాత్రం కదలలేదు. "అన్న మీద కోర్టుకెక్కనా?" అనేవారు నాన్న. ఏటా ఆ కాగితాన్ని ఎండలో పెట్టి, దులిపి, మళ్లీ మడిచేవారు. అలాగే వెళ్లిపోయారు.

సాండర్స్ అదృష్టవంతుడు. ఐరోపా అంతటికీ చెల్లే ఒకే రకం కంపెనీ ఉండాలని 1959లో అన్నాడు. 2001లో ఆ చట్టమొచ్చింది. అప్పటికి ఆయన తొంభయ్యో పడికి చేరువలో ఉన్నాడు. కళ్లారా చూశాడు. నూరేళ్లు నిండడానికి కొద్దిరోజుల ముందు, 2012 సెప్టెంబరులో పోయాడు.

పెదనాన్న కొడుకు నాకు నెలనెలా ఫోను చేస్తాడు. పిల్లల చదువులడుగుతాడు, మా ఆవిడ మోకాళ్ల నొప్పులడుగుతాడు. గట్టు మాట మాత్రం ఎత్తడు, నేనూ ఎత్తను. ఈ సంక్రాంతికి వాళ్లింటికే వెళుతున్నాం. కాగితం సంచిలో పెట్టాను. తీసేశాను. నిన్న రాత్రి మళ్లీ పెట్టాను.