నడుముకు తుపాకి... నోటికి తాళం

కారెంపూడి వీరుల గుడిలో పూజలందుకునేవి ఆయుధాలు. వాటిని కొణతాలంటారు. ఏటా కార్తీక అమావాస్యకు మొదలయ్యే ఉత్సవాల్లో వాటిని నాగులేటికి తీసుకెళ్లి స్నానం చేయిస్తారు. ఆ నాగులేరే కిందికి పారి, దాచేపల్లిని ఒరుసుకుంటూ వెళ్లి కృష్ణలో కలుస్తుంది. పల్నాడులో ఆయుధమంటే భయం కంటే భక్తే ఎక్కువని పైవాళ్లు అనుకోవడంలో వింతేమీ లేదు.

అయితే ఆ ఉత్సవాల ఐదు రోజుల పేర్లు ఒక్కసారి గుర్తు చేసుకోండి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. పన్నెండో శతాబ్దంలో జరిగిందని చెప్పే అంత పెద్ద యుద్ధం కథలో ఒక కోడిపందెం ఉంది. నాగమ్మ పుంజు గెలిచింది. బ్రహ్మనాయుడి పక్షం ఏడేళ్లు ఊరు విడిచిపోయింది. గడువు తీరాక రాజ్యభాగం అడగడానికి రాయబారిగా వెళ్లిన అలరాజు ప్రాణాలతో తిరిగి రాలేదు. ఆ తర్వాత మిగిలింది కత్తులే. ఈ కథ విన్న ప్రతివాళ్లకీ ఒక సంగతి తెలుస్తుంది. కత్తి బయటికి వచ్చింది చివర్లో. దానికంటే ముందే పంతం వచ్చింది.

ఇప్పుడు కత్తుల కాలం పోయింది. చొక్కా కింద ఇమిడిపోయే రివాల్వర్లు వచ్చాయి. పంతం మాత్రం అలాగే ఉంది. పొలం గట్టు దగ్గర, కాలువ నీళ్ల దగ్గర, రోడ్డు మీద బండి పక్కకు తియ్యలేదని, పెళ్లిలో పలకరించలేదని... మాట పెరగడానికి కారణం పెద్దదే కానక్కర్లేదు. మరి అలాంటి చోట ఒకరి నడుముకు తుపాకి ఉంటే? ఆ మనిషి మనసు ఎలా ఉండాలి?

దాచిపెట్టమన్నది చట్టమే

సినిమాల్లో హీరో చొక్కా కొంచెం పైకెత్తి తుపాకి చూపిస్తాడు. ఎదుటివాళ్లు దారి ఇస్తారు. హాల్లో ఈలలు మోగుతాయి. నిజ జీవితంలో లైసెన్సుదారు ఆ పని చేస్తే అది తప్పు. 2016లో కేంద్రం తెచ్చిన ఆయుధాల నిబంధనల ప్రకారం, పదిమంది తిరిగే చోటికి చేతి తుపాకి తీసుకెళ్లాలంటే దాన్ని ఒంటికి కట్టుకున్న తోలు ఒరలోనో, అలాంటి సంచిలోనో పెట్టాలి. అది పూర్తిగా కప్పి ఉండాలి. ఎప్పుడూ తన అదుపులోనే ఉండాలి. బయటికి తీసి ఆడించడం నిషేధం.

ఈ నిబంధనలో పెద్దల బుద్ధి ఉంది. తుపాకి అవతలివాణ్ని బెదిరించడానికి ఇచ్చింది కాదు. ఆఖరి క్షణంలో ప్రాణం నిలుపుకోవడానికి ఇచ్చింది. అది కనిపించిన మరుక్షణం మామూలు మాట కూడా బెదిరింపుగానే వినపడుతుంది. ‘కాస్త పక్కకు జరుగు’ అన్నా ఎదుటివాడికి అందులో తూటా వినిపిస్తుంది.

తెలుగునాట తుపాకికి ఇంకో జబ్బు కూడా పట్టుకుంది. అది హోదా. నాయకుడి వెనక ‘టూ ప్లస్ టూ’ గన్‌మెన్లు నిలబడితే ఊళ్లో లెక్క మారిపోతుంది. గన్‌మెన్లను తీసేస్తే ప్రాణభయం కంటే పరువుపోయిందన్న బాధే ఎక్కువ కనిపిస్తుంది కొందరిలో. ఆ గాలి సొంత లైసెన్సు కోసం తిరిగేవాళ్లకూ సోకింది. అవసరం కోసం అడిగేవాళ్లున్నారు. అందరికీ తెలియాలని అడిగేవాళ్లూ ఉన్నారు. రెండోరకం వాళ్లకు ఆ తుపాకి మొదటి రోజు నుంచే ప్రమాదం.

సర్టిఫికెట్లో లేనిది

దాచేపల్లిలో మిర్చి వ్యాపారి ఒకాయన ఉన్నాడనుకోండి. గుంటూరు యార్డులో సరుకు అమ్ముకుని, డబ్బు సంచితో చీకటిపడ్డాక అద్దంకి-నార్కట్‌పల్లి రోడ్డు మీద ఇంటికి రావాలి. దారికాచి కొట్టారన్న వార్తలు విన్నాడు. రివాల్వర్ లైసెన్సుకు దరఖాస్తు పెట్టాడు. అడగడంలో తప్పేమీ లేదు.

ఆయన వయసు ఇరవై ఒకటి దాటిందా, కేసులేమైనా ఉన్నాయా అని పోలీసులు విచారిస్తారు. ఒళ్లూ మనసూ బాగున్నాయని డాక్టరు రాసివ్వాలి. తుపాకిని భద్రంగా వాడటం, దాచడం మీద శిక్షణ తీసుకోవాలి. ఫైలు నరసరావుపేట కలెక్టరేటుకు వెళ్తుంది. 2022 ఏప్రిల్లో పల్నాడు జిల్లా ఏర్పడక ముందైతే గుంటూరు తిరగాల్సి వచ్చేది. లైసెన్సు వస్తే ఐదేళ్లు చెల్లుతుంది. 2019లో చట్టం మార్చాక ఒక మనిషి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు. అంతకుముందు మూడు ఉండొచ్చు.

ఇన్ని కాగితాల్లోనూ పట్టుబడనిది ఒకటుంది. ఆయనకు కోపం ఎంత త్వరగా వస్తుంది? వచ్చాక ఎంతసేపటికి పోతుంది? ఎవరైనా నలుగురిలో మాట అంటే ఇంటికొచ్చి నిద్రపోగలడా, లేక తెల్లార్లూ మంచం మీద దొర్లుతాడా? ఇవి డాక్టరు గదిలో తేలేవి కావు. ఆ సంగతి తెలిసింది ఆయన భార్యకు, అన్నదమ్ములకు, దుకాణంలో పనిచేసే కుర్రాడికి. అసలు దరఖాస్తు మీద సంతకం పెట్టే ముందు ఆ మనిషి వీళ్లను అడగాలి. ‘నా చేతికి తుపాకి ఇవ్వొచ్చంటారా?’ అని. ఇంటావిడ ఒక్క క్షణం ఆలోచించి మాట్లాడిందంటే జవాబు వచ్చినట్టే.

చెయ్యి వణికే వేళ

తుపాకి ఉంటే ధైర్యం ఉంటుందని చాలామంది నమ్మకం. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఒంట్లో జరిగేది వేరు. గుండె దడదడలాడుతుంది. వేళ్లు మొద్దుబారి బొత్తాం పెట్టుకోవడం కూడా కష్టమవుతుంది. చూపు కుంచించుకుపోయి ఎదురుగా ఉన్న మనిషి తప్ప పక్కన ఉన్నవాళ్లు కనపడరు. చెవులు సరిగ్గా వినవు. ఏళ్ల తరబడి సాధన చేసిన పోలీసులకే ఈ స్థితి తప్పదు. లైసెన్సు తీసుకున్న రోజు నాలుగు తూటాలు కాల్చి, ఆ తర్వాత బీరువాలో పెట్టేసిన మనిషి సంగతి చెప్పాలా?

అందుకే సిద్ధపడటమంటే గురి ఒక్కటే కాదు. ఏ పరిస్థితిలో తుపాకి తియ్యకూడదో ముందే మనసులో గీత గీసుకోవడం. దొంగ సంచి లాక్కుని పారిపోతున్నాడు. డబ్బు పోతోంది, ప్రాణం పోవడం లేదు. అప్పుడు కాల్చాలా? ఎదుటివాడు బూతులు తిడుతున్నాడు. చెయ్యి ఎత్తలేదు. అప్పుడో? వెనక టీ కొట్టు ఉంది, బెంచీ మీద మనుషులున్నారు. అప్పుడో? ఈ ప్రశ్నలకు జవాబులు తీరిగ్గా ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సినవి. రోడ్డు మీద ఆలోచించుకునే వ్యవధి దొరకదు.

చట్టం వదిలినా...

ఆత్మరక్షణ హక్కు ప్రతి పౌరుడికీ ఉంది. భారత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 వరకు ఉన్న ఆ సెక్షన్లు, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్నాయి. హక్కుతోపాటు హద్దూ అందులోనే ఉంది. అవసరమైన దానికంటే ఎక్కువ హాని చేయకూడదు. పోలీసుల్ని ఆశ్రయించే వ్యవధి ఉంటే ఆ హక్కు వర్తించదు. ప్రాణం తీసేదాకా వెళ్లడానికి చావుభయం, తీవ్రమైన గాయం, అత్యాచారం, అపహరణ లాంటి గట్టి కారణం కావాలి. మాట పడ్డానన్నది అందులో లేదు.

ఈ సెక్షన్ల చివర్లో ఒక ఉదాహరణ ఉంటుంది. ఒక గుంపు ఒక మనిషిని చంపడానికి మీదికి వస్తోంది. కాల్చకపోతే అతను బతకడు. కానీ ఆ గుంపులో చిన్నపిల్లలు కలిసిపోయి ఉన్నారు. కాలిస్తే వాళ్లకు తగలొచ్చు. అయినా అతను కాల్చాడు, పిల్లల్లో ఎవరికో తగిలింది. అతను నేరం చేసినట్టు కాదంటుంది చట్టం.

చదవడానికి ఊరటగానే ఉంటుంది. కానీ ఆ మనిషి మర్నాడు ఉదయం లేచి అదే వీధిలో నడవాలి. బడికి వెళ్లే పిల్లల్ని చూడాలి. కోర్టు వదిలేసిన మనిషిని మనసు వదలదు. తుపాకి కట్టుకునే ముందు ఆలోచించాల్సింది జైలు గురించే కాదు, ఆ ఉదయం గురించి కూడా.

పల్నాడు బిడ్డలెందరో చదువులకు, ఉద్యోగాలకు వెళ్లే అమెరికాలో తుపాకి మామూలు వస్తువు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలేథాలో ఇంజినీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపిన సంగతి తెలుగువాళ్లు మరిచిపోలేదు. బారులో శ్రీనివాస్‌నూ, స్నేహితుణ్నీ జాతి పేరుతో దూషించిన మనిషిని అక్కడివాళ్లు బయటికి పంపేశారు. అతను వెళ్లి తుపాకితో తిరిగొచ్చాడు. ద్వేషం ముందే ఉంది. తాగుడు, అవమానం, అందుబాటులో తుపాకి దానికి తోడయ్యాయి. మరుసటి ఏడాది అతనికి యావజ్జీవ శిక్ష పడింది. ఇక్కడి ఇంట్లో కొడుకు మాత్రం తిరిగి రాలేదు.

అందుకే చుక్క పడిన రోజు తుపాకి ఒంటి మీద ఉండకూడదు. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి కాల్చే సరదా కూడా వద్దు. పైకి వెళ్లిన తూటా కిందికే దిగుతుంది. 2019 సవరణ తర్వాత ఆ సరదాకు రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

గడప లోపల

ఇంటికొచ్చాక తుపాకి ఎక్కడ పెడతారు? తలగడ కింద, బీరువాలో చీరల మధ్య అని జవాబిస్తే అది భద్రం కాదు. పెద్దవాళ్లు ఎక్కడ దాచారో పిల్లలకు తెలియదనుకోవడం భ్రమ. పండక్కి దాచిన అరిసెల డబ్బా సంగతి తెలిసిన ఇంట్లో తుపాకి సంగతి తెలియదా? తూటాలు తీసి విడిగా పెట్టాలి. రెండింటికీ తాళాలుండాలి. తాళంచెవి దేవుడి పటం వెనక కాకుండా తన దగ్గరే ఉండాలి.

ఇంకో ప్రమాదం గురించి ఇళ్లల్లో మాట్లాడుకోరు. అమెరికాలో తుపాకి వల్ల పోయే ప్రాణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. దొంగ కోసం తెచ్చిన ఆయుధం ఇంట్లోవాళ్ల దిగులుకే అందుతోంది. అప్పులు ముంచిన ఏడాది, పరీక్ష తప్పిన వేసవి, ఇంట్లో మనిషి ఎవరితోనూ మాట్లాడకుండా మూల కూర్చున్న రోజులు... అలాంటప్పుడు లైసెన్సుదారు తనంతట తానే తుపాకిని పోలీస్ స్టేషన్లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించి రసీదు తీసుకోవడం మేలు. అందులో చిన్నతనమేమీ లేదు.

ఎన్నికలొస్తే ఈ పని ఎటూ అలవాటే. షెడ్యూలు వెలువడగానే, మినహాయింపు ఉన్నవాళ్లు తప్ప మిగతా లైసెన్సుదారులంతా పోలీసులకు ఆయుధాలు అప్పజెప్పాల్సి వస్తుంది. 2024 మే 13 పోలింగు రోజున, ఆ తర్వాత పల్నాడులో చెలరేగిన గొడవలు, 144 సెక్షను చూసినవాళ్లకు ఆ జాగ్రత్త ఎందుకో విడమరిచి చెప్పనక్కర్లేదు. ఊరు వేడెక్కినప్పుడు ఆయుధం దూరంగా ఉండాలన్నదే అందులోని నీతి. అది ఎన్నికలప్పుడే కాదు, ఇల్లు వేడెక్కినప్పుడూ పనికొస్తుంది.

హద్దులు ఇంకా ఉన్నాయి. ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో లైసెన్సులోనే రాసి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ వరకేనని ఉంటే పొందుగుల వంతెన మీద ఆగిపోవాలి. అవతలి వాడపల్లి 2014 నుంచి తెలంగాణ. నిన్నటిదాకా ఒకే రోడ్డు కదా అంటే కుదరదు.

తగ్గడం నేర్చుకోవాలి

చివరికి తేలేది ఒక్కటే. తుపాకి కట్టుకున్న మనిషికి మామూలు మనుషులకున్న ఒక హక్కు పోతుంది. అది పోట్లాడే హక్కు. నడుముకు ఏమీ లేనివాడు గట్టిగా అరవొచ్చు, కాలర్ పట్టుకోవచ్చు, పెద్దమనుషులు విడదీస్తే ఇంటికి పోవచ్చు. తుపాకి ఉన్నవాడికి ఆ అవకాశం లేదు. ఆయన పాల్గొన్న ప్రతి గొడవలోనూ ఒక తుపాకి ఉన్నట్టే. పెనుగులాటలో అది ఎవరి చేతికి పోతుందో తెలియదు. కాబట్టి మాట పడాలి. దారి ఇవ్వాలి. తన తప్పు లేకపోయినా ‘సరేలే అన్నా’ అని బండి పక్కకు తియ్యాలి.

పౌరుషానికి పేరుపడ్డ సీమలో ఇది చెప్పినంత తేలిక కాదు. ‘ఏం రా, భయపడ్డావా?’ అని నవ్వేవాళ్లుంటారు. ఆ నవ్వును దిగమింగగలిగినవాడే లైసెన్సుకు తగినవాడు. ఐదేళ్లు గడిచి రెన్యువల్‌కు వెళ్లినప్పుడు, సాధనకు తప్ప ఒక్క తూటా ఖర్చు కాలేదని చెప్పగలిగితే ఆ తుపాకి తన పని తాను చేసినట్టే.