కాలువకు ఎగువన

వినుకొండకు పడమట, నల్లమల కొండలు కంటికి ఆనే దూరంలో మా ఊరు. సాగర్ కుడి కాలువకు 1967లో నీళ్ళు వదిలారు గానీ అవి పల్లపు ఊళ్ళకే. మాది కాలువకు ఎగువ. వరి పండే ఊళ్ళవాళ్ళు మాకు పిల్లనివ్వడానికి వెనకాడేవాళ్ళు. ఎప్పుడో శ్రీనాథుడు ఈసడించిన పల్నాటి జొన్నకూడే మా ఇంట్లో పూటపూటా.

ఆ జొన్నలు పాతరలో ఉండేవి. ఇంటిముందు గొయ్యి తవ్వి, చుట్టూ చొప్ప పేర్చి, గింజలు పోసి, పైన మట్టి కప్పేవాళ్ళు. పాతర తీసేరోజు పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. లోపలి గాలి మనిషిని చంపేస్తుంది. కాసేపు తెరిచి ఉంచి, లాంతరు తాడుకు కట్టి దించేవాళ్ళు. దీపం ఆరకపోతేనే మనిషి దిగాలి. బయటికొచ్చిన జొన్నలకు ఒక ముక్కవాసన; అది తిన్నవాళ్ళకు తప్ప చెబితే తెలిసేది కాదు. ఆ గింజలమీద పెత్తనం నాయనమ్మది. కూలీలకు ఎన్ని కుంచాలు, కుమ్మరికీ కమ్మరికీ ఎంత, విత్తనానికి ఎంత, అన్నీ నోటిలెక్కే.

ఎనభైల మొదట్లో హైబ్రిడ్ పత్తి మా రేగడికి వచ్చింది. నీళ్ళు ఎక్కలేని మిట్టను పత్తి ఎక్కింది. వసారా నిండా పోసిన పత్తిలో దూకడమే మాకు ఆట. డాబాలు లేచాయి. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం రావడంతో జొన్న వేయాల్సిన అగత్యమే పోయింది. జొన్నతోపాటు చొప్పా పోయింది. పత్తికట్టె పొయ్యిలోకే, పశువు ముట్టదు. మేపలేక ఎద్దుల్ని అమ్ముకున్నారు. ట్రాక్టరు ఎద్దుల్ని తరిమిందంటారు. మా ఊళ్ళో ఎద్దులు పోవడం మొదలయ్యాకే ట్రాక్టరు వచ్చింది.

1984లో తెల్లదోమ. ఆకంతా జిగురు, దానిమీద మసి. ఒక మందుకు చావకపోతే రెండు కలిపి కొట్టారు. దోమను తినే పురుగులు ముందు చచ్చాయి. మంచినీళ్ళకు బిందెలతో మైలు నడిచే ఊళ్ళో మందులో కలపడానికి నీళ్ళ డ్రమ్ములు బండ్లమీద తోలేవాళ్ళు. మందు కొట్లో అరువు. పత్తి మళ్ళీ ఆ కొట్టుకే తోలాలి, ధర వాళ్ళు చెప్పిందే.

"ఎంత బాకీరా అబ్బాయ్?" అంది నాయనమ్మ ఒకనాడు.

"కొట్లో పుస్తకం చూడాలమ్మా."

"పాతరయితే మనిషిని దించి చూపించేదాన్ని."

నాన్న మాట్లాడలేదు.

1987లో ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ కబుర్లు మా ఊరికి పేపరుకన్నా ముందే చేరేవి. బాబాయి తన వాటా అమ్మి బాకీ తీర్చి ఆదిలాబాద్ వైపు వెళ్ళాడు. అక్కడ కౌలుకు పట్టిన రేగట్లో వేసిందీ పత్తే. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఆయనకు చేతనైన సేద్యం అది.

ఇప్పుడు మా చేలో బోరుంది, మిరప ఉంది. నేను హైదరాబాదులో ఉన్నాను. 2021లో నల్ల తామరపురుగు పడి పూత రాలిపోయినప్పుడు కౌలు రైతు ఫోన్ చేశాడు. "అన్నా, ఈ ఏడు కౌలు కొంచెం తగ్గించు" అన్నాడు. ముందే తీసుకున్న డబ్బులో కొంత వెనక్కి పంపాను. అతని తాత మా ఇంటిముందు కుంచంతో కూలిజొన్నలు కొలిపించుకున్న మనిషి. మందుల కొట్టు పుస్తకంలో పేరు ఇప్పుడు అతనిది. పట్టాదారు పాసుపుస్తకంలో పేరు నాది, బ్యాంకువాళ్ళు పంట అప్పు ఇస్తామనేది నాకు.